‘లింకు లేదు’: సికింద్రాబాద్ నేపథ్యంలో నెట్‌వర్క్ కంప్యూటర్ల నిర్వహణ, యూనిక్స్ దోషనిర్ధారణ చరిత్ర

వ్యాససంగ్రహం

తెలుగు ప్రాంతాల కంప్యూటర్ చరిత్రను ఇప్పటివరకు సంస్థల స్థాపన, ఎగుమతులు, ఉద్యోగాల కోణం నుంచే ఎక్కువగా చెప్పుకున్నాం. ఆ యంత్రాలు ఆగిపోయినప్పుడు వాటిని తిరిగి నడిపించిన జ్ఞానం గురించి రాసింది తక్కువ. నెట్‌వర్కులో ఉన్న యూనిక్స్ వర్క్‌స్టేషన్ మీద ఒక ఆదేశం పనిచేయనప్పుడు కారణాన్ని వెతికే పద్ధతి ఎలా రూపొందిందో, ఆ పద్ధతికి సికింద్రాబాద్ సాంకేతిక వాతావరణంతో ఉన్న సంబంధమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నిర్వహణ చరిత్రను విస్మరిస్తే మన సాంకేతిక చరిత్ర సగమే మిగులుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: యూనిక్స్, సికింద్రాబాద్, సీఎంసీ, నిర్వహణ చరిత్ర, దోషనిర్ధారణ, దోష సందేశం, నెట్‌వర్క్.

1. ఉపోద్ఘాతం

రైల్వే రిజర్వేషన్ కౌంటరు దగ్గరో, బ్యాంకు శాఖలోనో వరుసలో నిలబడినవారికి ‘లింకు లేదు’ అన్న మాట పరిచితమే. గుమస్తా ఆ మాట చెప్పగానే వరుస కాసేపు ఆగుతుంది. కొందరు వెనుదిరుగుతారు. ఈ రెండు మాటల వెనుక ఎన్ని అవకాశాలు దాగి ఉన్నాయో చెప్పినవారికీ తెలియకపోవచ్చు, విన్నవారికీ తెలియకపోవచ్చు. గుమస్తా ముందున్న తెర ఆగిపోయి ఉండవచ్చు. గోడలోని తీగ వదులై ఉండవచ్చు. టెలిఫోను శాఖ అద్దెకిచ్చిన లైను తెగి ఉండవచ్చు. దూరాన ఉన్న పెద్ద యంత్రం బాగానే ఉండి, దానిలోని ఒక్క ప్రోగ్రాము మాత్రమే నిలిచిపోయి ఉండవచ్చు. ఈ అవకాశాలలో అసలు కారణం ఏదో తేల్చడమే దోషనిర్ధారణ.

వైద్యంలో రోగనిర్ధారణకు చరిత్ర ఉన్నట్టే యంత్రాల దోషనిర్ధారణకూ చరిత్ర ఉంది. దానికి పనిముట్లు, నియమాలు, పరిభాష, గురుశిష్య సంబంధాలు ఉన్నాయి. వాటిని యూనిక్స్ ఆధారంగా పరిశీలించడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, యూనిక్స్ తన ఆదేశాలనూ వాటి లోపాలనూ ఆరంభం నుంచే రాతలో నమోదు చేసుకుంటూ వచ్చింది. రెండవది, 1980ల చివరి నుంచి భారతీయ బ్యాంకుల శాఖల కంప్యూటరీకరణలోను, దూరసంవేదన వంటి శాస్త్రీయ రంగాలలోను, సాఫ్ట్‌వేర్ ఎగుమతి సంస్థలలోను యూనిక్స్ ప్రధాన వేదికలలో ఒకటిగా నిలిచింది.

2. సికింద్రాబాద్: లైను కాపాడే వృత్తుల ఊరు

మూడవ నిజాం సికందర్ జా పేరు మీద 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ మొదట సైనిక శిబిరం. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలుమార్గం ప్రారంభమై, నిజాం రాజ్యాన్ని బొంబాయి–మద్రాసు మార్గంతో కలిపింది. రైలుమార్గం వెంట టెలిగ్రాఫ్ తీగ నడిచింది. తీగతో పాటు దాన్ని కాపాడే వృత్తి వచ్చింది. మైళ్ల పొడవైన తీగ ఎక్కడ తెగిందో ఒక చివర కూర్చుని చెప్పలేరు. మధ్య స్టేషన్ల నుంచి పరీక్షిస్తూ దోషమున్న భాగాన్ని కుదించుకుంటూ పోవాలి. మార్గాన్ని రెండుగా విడదీసి, ఏ సగంలో దోషం ఉందో తేల్చి, ఆ సగాన్ని మళ్లీ విడదీసే ఈ తర్కమే తరువాతి కాలంలో కంప్యూటర్ నెట్‌వర్కుల దోషనిర్ధారణకు ఆధారమైంది. టెలిగ్రాఫ్ ఉద్యోగులే కంప్యూటర్ నిపుణులయ్యారని దీని అర్థం కాదు. సమస్య స్వరూపం ఒకటే కాబట్టి పరిష్కార తర్కం కూడా ఒకటైంది.

1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. 1974లో జాతీయ దూరసంవేదన సంస్థ ఇక్కడ ఆరంభమైంది. 1979లో షాద్‌నగర్‌లో ఉపగ్రహ సమాచారాన్ని స్వీకరించే కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. సైన్యానికి ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగులో శిక్షణ ఇచ్చే కళాశాల తిరుమలగిరి ప్రాంతంలో ఉంది. జంటనగరాల్లోనే 1967లో స్థాపితమైన ఈసీఐఎల్ స్వదేశీ టీడీసీ శ్రేణి కంప్యూటర్లను తయారుచేసింది. 1987లో సత్యం కంప్యూటర్ సర్వీసెస్ సికింద్రాబాద్‌లోనే చిన్న సంస్థగా మొదలైంది.

ఈ వ్యాసానికి అన్నిటికంటే ముఖ్యమైన సంస్థ సీఎంసీ. విదేశీ మారక నియంత్రణ చట్టం షరతుల నేపథ్యంలో ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లింది. అది వదిలి వెళ్లిన యంత్రాలను నడిపించే బాధ్యతను, అంతకు ముందే ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ‘కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్’ స్వీకరించింది. తరువాత సీఎంసీగా స్థిరపడిన ఈ సంస్థ పేరులోనే నిర్వహణ అన్న మాట ఉండటం గమనార్హం. తయారీదారు అండ లేకుండా, రకరకాల కంపెనీల యంత్రాలను ఒకే ఇంజనీర్ల బృందం బాగుచేయవలసి వచ్చింది. దీనివల్ల ఒక్కో యంత్రం గురించిన జ్ఞానం కంటే ఏ యంత్రానికైనా పనికివచ్చే దోషనిర్ధారణ పద్ధతికి విలువ పెరిగింది. ఈ సంస్థ పరిశోధన, అభివృద్ధి కేంద్రం సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులో పనిచేసింది.

3. రిజర్వేషన్ వ్యవస్థ: నెట్‌వర్క్ ప్రజల ముందుకు రావడం

1985 నవంబరులో ఢిల్లీలో మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్ వ్యవస్థను సీఎంసీ రూపొందించింది. తరువాత కలకత్తా, బొంబాయి, మద్రాసు, సికింద్రాబాద్ కేంద్రాలకు కంప్యూటరీకరణ విస్తరించింది. తొలి దశలో ప్రతి కేంద్రానికి దాని సమాచారనిధి దానికే ఉండేది. ఒక నగరం నుంచి మరో నగరపు రైళ్లలో సీటు నేరుగా తీసుకునే సౌకర్యం కోసం రైల్వేల సమాచార వ్యవస్థల కేంద్రం ‘కాన్సర్ట్’ అనే కొత్త సాఫ్ట్‌వేరును తయారుచేసింది. అది మొదట అమలైంది సికింద్రాబాద్‌లోనే, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాల అనుసంధానం పూర్తయింది.

ఈ వ్యవస్థ నడిచింది వీఎంఎస్ అనే నిర్వహణ వ్యవస్థ మీద. అది యూనిక్స్ కాదు. అయినా ఇక్కడ దీని ప్రస్తావన అవసరం. దూరపు యంత్రంలో దోషం ఏర్పడితే దగ్గరి యంత్రం ముందు కూర్చున్న మనిషి పని ఆగిపోవడం అనే కొత్త అనుభవాన్ని సామాన్య ప్రజలకు పరిచయం చేసింది ఇదే. సికింద్రాబాద్ కౌంటరులో డబ్బు తీసుకున్న తరువాత, టికెట్ అచ్చుకాకముందే లైను తెగితే ఆ సీటు ఎవరిది? కాగితపు రిజిస్టరు కాలంలో ఈ ప్రశ్న లేదు. నెట్‌వర్కుతో అది పుట్టింది. దోషాన్ని సరిచేయడం ఎంత ముఖ్యమో, దోషం ఏర్పడిన క్షణాన ఏ పని ఎంతవరకు జరిగిందో తెలుసుకోవడమూ అంతే ముఖ్యమైంది. యూనిక్స్ ప్రపంచం ఇదే సమస్యను మరో దారిలో ఎదుర్కొంది.

4. యూనిక్స్: లోపాలను రాసిపెట్టిన వ్యవస్థ

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తదితరులు యూనిక్స్‌ను ఆరంభించారు. 1971 నవంబరులో వెలువడిన దాని తొలి మాన్యువల్‌లో ప్రతి ఆదేశానికి ఒక పుట కేటాయించారు. ఆ పుటలో ఆదేశం చేసే పనితో పాటు అది ఇచ్చే దోష సూచనలకు ఒక భాగం, తెలిసిన లోపాలకు మరొక భాగం ఉండేవి. ఒక వ్యవస్థను రూపొందించినవారే దాని లోపాలను అధికారిక పత్రంలో బాహాటంగా రాయడం ఆనాటి వాణిజ్య సంప్రదాయానికి భిన్నమైనది. నిర్వహణ జ్ఞానాన్ని నిర్మాణ జ్ఞానంతో సమానంగా ఒకే పుటలో నిలిపినందున చరిత్రకారునికి ఈ మాన్యువల్ విలువైన ఆధారం.

యూనిక్స్ దోష సందేశాలు అతి క్లుప్తమైనవి. కెర్నెల్ ఒక సంఖ్యను తిరిగి ఇస్తుంది. ఆ సంఖ్యకు ఒక చిన్న వాక్యం ముడిపడి ఉంటుంది. ‘అలాంటి ఫైలు లేదు’, ‘అనుమతి లేదు’ అన్న అర్థాలిచ్చే సందేశాలు ఈ కోవలోవే. వీటిలో కొన్ని చారిత్రక శిలాజాల వంటివి. టెర్మినల్ మాత్రమే చేయగల పనిని వేరే పరికరాన్ని అడిగినప్పుడు ‘ఇది టైప్‌రైటర్ కాదు’ అన్న అర్థంలో ఒక సందేశం వచ్చేది. తొలినాటి టెర్మినళ్లు టెలిటైప్ యంత్రాలు కావడమే దీనికి మూలం. ఆ యంత్రాలు కనుమరుగైన దశాబ్దాల తరువాత కూడా అదే సందేశం తెర మీద కనిపించి కొత్తవారిని తికమకపెట్టింది. అంటే దోష సందేశం వర్తమాన స్థితితో పాటు దాన్ని రాసిన కాలాన్ని కూడా తెలుపుతుంది. పాఠ్యపరిష్కరణలో పాఠాంతరాలను కాలాన్ని బట్టి చదివినట్టే దీన్నీ చదవాలి.

ఒంటరి యంత్రం కాలంలో ప్రధాన దోషం డిస్కుది. విద్యుత్తు హఠాత్తుగా పోతే, జ్ఞాపకంలో ఉన్న సమాచారం డిస్కు మీదికి చేరకముందే యంత్రం ఆగిపోతుంది. అప్పుడు ఫైలు పట్టికలో ఒక లెక్క, డిస్కులో మరో లెక్క ఉంటాయి. తొలి యూనిక్స్‌లో ఐచెక్, డీచెక్ వంటి వేర్వేరు ఆదేశాలతో ఈ తేడాలను వెతికి, చేతితో సరిచేయవలసి వచ్చేది. తరువాత ఎఫ్ఎస్‌సీకే అనే ఒకే ఆదేశం ఈ పనులన్నిటినీ కలిపి చేసింది. కరెంటు కోతలు మామూలైన మన ప్రాంతంలో యూనిక్స్ నిర్వాహకునికి ఇది నిత్యావసరం. యంత్రం తిరిగి లేచేటప్పుడు ఒక్కో అసంగతిని చూపి ‘సరిచేయమంటారా’ అని అది అడుగుతుంది. అర్థం కాకుండా అన్నిటికీ ఔనంటే వ్యవస్థ పొందిక నిలుస్తుంది గాని వినియోగదారుని ఫైలు పోవచ్చు. వ్యవస్థ క్షేమం, మనిషి రాసుకున్నదాని క్షేమం ఎప్పుడూ ఒకటి కావని నిర్వాహకులకు మొదట నేర్పింది ఈ ప్రశ్నే.

5. నెట్‌వర్క్ తెచ్చిన మలుపు

1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన యూనిక్స్ 4.2 రూపంలో టీసీపీ–ఐపీ నెట్‌వర్క్ సౌకర్యం అంతర్భాగమైంది. 1982లో మొదలైన సన్ మైక్రోసిస్టమ్స్ ఇదే యూనిక్స్‌ను వర్క్‌స్టేషన్ల మీదికి తెచ్చి, 1980ల నడుమ ఎన్ఎఫ్ఎస్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. దీనివల్ల ఎక్కడో ఉన్న సర్వర్ డిస్కులోని ఫైళ్లు వినియోగదారుని సొంత యంత్రంలో ఉన్నట్టే కనిపిస్తాయి. కొన్ని వర్క్‌స్టేషన్లకు సొంత డిస్కు కూడా ఉండేది కాదు.

సౌకర్యం ఎంత గొప్పదో దోషం అంత లోతుకు పోయింది. ఫైలు ఎక్కడుందో వినియోగదారునికి తెలియనక్కరలేదన్నదే ఈ ఏర్పాటు లక్ష్యం. ఆ ఫైలు అందనప్పుడు లోపం ఎక్కడుందో తెలియకపోవడం ఆ లక్ష్యానికి మరో ముఖం. పేరు కూడా వినని ఏదో యంత్రం చెడిపోతే మన యంత్రం పనికిరాకుండా పోయే స్థితినే పంపిణీ వ్యవస్థకు నిర్వచనంగా చెప్పవచ్చని 1987లో లెస్లీ లాంపోర్ట్ చమత్కరించాడు. ‘లింకు లేదు’ అన్న మన కౌంటరు మాట కూడా చెబుతున్నది ఈ స్థితి గురించే.

కొత్త స్థితికి కొత్త పనిముట్లు పుట్టాయి. నెట్‌వర్క్ స్థితిని చూపే నెట్‌స్టాట్ బర్క్‌లీ యూనిక్స్‌తో వచ్చింది. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేస్తున్న మైక్ మస్, తన నెట్‌వర్కులోని ఒక వింత ప్రవర్తనకు కారణం వెతకడం కోసం పింగ్ రాశాడు. జలాంతర్గాములను కనిపెట్టే సోనార్ ధ్వని నుంచి ఆ పేరు తీసుకున్నాడు. 1980ల చివర వాన్ జాకబ్సన్ ట్రేస్‌రూట్ రాశాడు. ప్రతి ప్యాకెట్టుకు ఎన్ని మజిలీలు దాటవచ్చో చెప్పే పరిమితి ఉంటుంది. ఆ పరిమితిని ఒకటి నుంచి క్రమంగా పెంచుతూ పోతే, ప్రతి మజిలీ తన దగ్గర ప్యాకెట్టు ఆయువు తీరిందని తిరిగి కబురు పంపుతుంది. ప్యాకెట్టును కావాలని విఫలం చేసి దారిని కనుగొనడం ఈ ఆదేశంలోని యుక్తి. టెలిగ్రాఫ్ మార్గాన్ని స్టేషన్ల వారీగా పరీక్షించిన తర్కం ఇక్కడ తనంతట నడిచే ప్రోగ్రాముగా మారింది.

1988 నవంబరు 2న మోరిస్ పురుగు వ్యాప్తి చెందినప్పుడు ఈ జ్ఞానానికి పెద్ద పరీక్ష ఎదురైంది. అది వ్యాక్స్, సన్ యంత్రాలలోని యూనిక్స్ లోపాల ద్వారా ప్రవేశించి, ప్రక్రియలను పెంచుతూ యంత్రాలను నిలిపివేసింది. చాలా సంస్థలు భయంతో నెట్‌వర్క్ నుంచి వైదొలిగాయి. చికిత్స వివరాలు ఆ నెట్‌వర్క్ మీదనే రావలసి ఉన్నందున అవి ఆలస్యమయ్యాయి. దోషనిర్ధారణకు ఆధారమైన మార్గమే దోషగ్రస్తమైతే మరో మార్గం ఉండాలన్నది దాని పాఠం.

6. ఒక నమూనా సందర్భం: ఎల్ఎస్ ఆగిపోవడం

పద్ధతిని స్పష్టం చేయడానికి ఒక నమూనా సందర్భాన్ని తీసుకుందాం. 1990ల నాటి వర్క్‌స్టేషన్ మీద వినియోగదారుడు తన ఫైళ్ల జాబితా కోసం ఎల్ఎస్ అని కొట్టాడు. ఏ సందేశమూ రాలేదు. తెర కదలడం లేదు.

మొదట తేల్చవలసింది ఆగింది తెరా, యంత్రమా అన్నది. కంట్రోల్–ఎస్ మీటలు పొరపాటున నొక్కితే తెరకు వచ్చే అక్షరాలు ఆగిపోతాయి, కంట్రోల్–క్యూ నొక్కితే మళ్లీ వస్తాయి. అది కారణం కాదని తేలితే మరో కిటికీ తెరిచి ఎకో ఆదేశం ఇవ్వాలి. ఎకో సాధారణంగా షెల్‌లోనే ఇమిడి ఉంటుంది, డిస్కు నుంచి తేవలసిన అవసరం లేదు. అది పనిచేస్తే షెల్ సజీవంగా ఉన్నట్టు. ఎకోకు నక్షత్రపు గుర్తు చేర్చి, స్థానిక డిస్కులోని ఒక డైరెక్టరీలో ఇస్తే, ఎల్ఎస్ సాయం లేకుండానే ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. అప్పుడు సందేహం సర్వర్ మీదికి మళ్లుతుంది.

ఇక్కడ అనుభవం లేనివారు చేసే పొరపాటు డీఎఫ్ ఆదేశం ఇవ్వడం. అది ప్రతి ఫైల్ వ్యవస్థనూ ఖాళీ ఎంతని అడుగుతుంది. పలకని సర్వర్‌నూ అడిగి తానూ ఆగిపోతుంది. అనుభవజ్ఞులు మౌంట్ ఆదేశం ఇస్తారు. అది స్థానిక పట్టికను చదివి ఏ సర్వర్ నుంచి ఏ డైరెక్టరీ వస్తున్నదో చెబుతుంది. దోషాన్ని తాకకుండా దోషం గురించి తెలుసుకోవాలన్న నియమం ఇందులో ఉంది.

తరువాత పింగ్. సర్వర్ పేరుతో అడిగితే జవాబు లేక, సంఖ్యా చిరునామాతో అడిగితే జవాబు వస్తే, దోషం పేరును సంఖ్యగా మార్చే సేవలో ఉంది. రెండింటికీ జవాబు వచ్చినా సర్వర్ ఆరోగ్యంగా ఉందని నిశ్చయించరాదు. పింగ్‌కు బదులిచ్చేది కెర్నెల్. ఫైళ్లు అందించే ప్రక్రియ మరణించినా కెర్నెల్ పలుకుతూనే ఉంటుంది. ఆర్‌పీసీఇన్ఫో ఆదేశంతో ఆ సేవ నమోదై ఉందా, పలుకుతున్నదా అని విడిగా అడగాలి.

అన్నీ సవ్యంగా ఉండి, చిన్న ఫైళ్లు తెరుచుకుని పెద్దవి మాత్రం ఆగిపోతే కారణం తీగలో ఉండవచ్చు. ఆనాటి ఎన్ఎఫ్ఎస్ సాధారణంగా 8192 బైట్ల ముక్కలుగా చదివేది. ఈథర్‌నెట్ ఒక్కసారి 1500 బైట్లే మోయగలదు కాబట్టి ఒక్కో ముక్క ఆరు ప్యాకెట్లుగా విడిపోతుంది. ఆరింటిలో ఒక్కటి పోయినా మొత్తం మళ్లీ పంపాలి. పింగ్ పంపేది చిన్న ప్యాకెట్టు కనుక అది సులభంగా దాటిపోతుంది. అందుకే నెట్‌స్టాట్ చూపే దోషాల లెక్క చూడాలి. సన్నని కోయాక్సియల్ తీగతో కట్టిన నెట్‌వర్క్ అయితే తీగ చివర ఉండవలసిన 50 ఓముల టెర్మినేటర్ ఊడిపోయిందేమో చూడాలి. వేలెడంత ముక్క ఊడితే ఆ వరుసలోని యంత్రాలన్నీ మూగబోతాయి. ఎవరో కుర్చీ జరిపినప్పుడు తీగ కదిలిందన్నది తుది కారణమైనా ఆశ్చర్యం లేదు.

ఈ క్రమంలో మూడు నియమాలు కనిపిస్తాయి. దగ్గరి నుంచి దూరానికి పోవాలి. ఒక్కో పరీక్ష ఒక్క అవకాశాన్నే కొట్టివేసేలా ఉండాలి. జవాబు వచ్చినప్పుడు ఆ జవాబు ఎవరిచ్చారో తెలుసుకోవాలి. మూడవ నియమం చరిత్ర పరిశోధకులకు కొత్తది కాదు. శాసనం ఏమి చెబుతున్నదో చదవడంతో పాటు దాన్ని ఎవరు వేయించారో అడగడం మన పద్ధతిలోనూ ఉంది.

7. భాష: సందేశం ఇంగ్లీషులో, సంభాషణ తెలుగులో

దోష సందేశాలన్నీ ఇంగ్లీషులో వచ్చాయి. వాటి గురించి జంటనగరాల యంత్రశాలల్లో తెలుగువారు మాట్లాడుకున్నది తెలుగులోనే. ‘సర్వర్ పడిపోయింది’, ‘సిస్టమ్ హ్యాంగయింది’, ‘లైను పోయింది’, ‘ఆ ప్రాసెస్‌ను కిల్ చెయ్యి’ వంటి వాక్యాలలో నామం ఇంగ్లీషుది, క్రియావ్యవస్థ తెలుగుది. మనిషిలా పడిపోవడం, కరెంటులా పోవడం వంటి క్రియల ఎంపికను నిఘంటుకారులు ఇంకా శ్రద్ధగా పరిశీలించవలసి ఉంది. అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల శిక్షణకేంద్రాలలో యూనిక్స్, సీ భాష నేర్చుకున్న జిల్లాల విద్యార్థులకు ఈ మిశ్రభాషే బోధనామాధ్యమం.

1991లో యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగు లిపికి స్థానం లభించింది. 2000ల తరువాత స్వేచ్ఛ వంటి ఉద్యమ సంస్థలు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నాయి. కాని దోష సందేశాల అనువాదంలో ఒక చిక్కు ఉంది. సందేశం తెలుగులో వస్తే సామాన్య వినియోగదారునికి అర్థమవుతుంది. అదే సందేశాన్ని ఎదుర్కొన్న ఇతరుల అనుభవంతో పోల్చి చూడాలంటే మూల వాక్యం కావాలి. అందుకే స్థానిక భాషలో పనిచేసే నిర్వాహకులు కూడా దోషం వెతికేటప్పుడు వ్యవస్థను తాత్కాలికంగా మూల భాషకు మార్చుకుంటారు. ఇది తెలుగు అసమర్థత కాదు. పరిష్కారాల స్మృతి ఏ భాషలో పోగుపడిందన్నదే అసలు విషయం. సందేశాలతో పాటు దోషనిర్ధారణ అనుభవాలు కూడా తెలుగులో నమోదైతే తప్ప అనువాదం సగంలోనే ఆగుతుంది.

8. ముగింపు

1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కథ మొదలైనట్టు చెప్పుకోవడం వాడుక. దానికి ముందే సికింద్రాబాద్‌లో విడిచిపెట్టిన యంత్రాలను నడిపించినవారు, దేశంలోనే తొలిసారిగా కాన్సర్ట్‌ను ప్రజల ముందు నిలబెట్టినవారు, కరెంటు పోయిన రాత్రి డిస్కు లెక్కలు సరిచూసినవారు ఉన్నారు. వారి పని విజయవంతమైన ప్రతిసారీ అది కనిపించకుండా పోయింది. వరుస మళ్లీ కదిలినప్పుడు ఎందుకు ఆగిందని ఎవరూ అడగరు. నిర్వహణ చరిత్ర రాయడంలోని మూల సమస్య ఇదే.

ఈ చరిత్రకు ఆధారాలు త్వరగా నశించేవి. యంత్రశాలల లాగ్‌బుక్కులు, చేతిరాత నోట్సు, అంచుల్లో గుర్తులు పెట్టుకున్న మాన్యువళ్లు సంస్థలు మారినప్పుడల్లా పాత కాగితాల్లో కలిసిపోతాయి. సీఎంసీ 2001లో టాటా సంస్థల చేతికి వెళ్లి, 2015లో టీసీఎస్‌లో విలీనమైంది. ఆ తరం ఇంజనీర్లు పదవీ విరమణ చేశారు. విశ్వవిద్యాలయాల చరిత్ర, భాషాశాస్త్ర, కంప్యూటర్ శాఖలు కలిసి వారి మౌఖిక కథనాలను సేకరించవలసిన సమయం ఇదే. అడగవలసిన మొదటి ప్రశ్న ‘మీరు ఏమి నిర్మించారు?’ అన్నది కాదు. ‘ఏది ఆగిపోయింది, ఎలా కనిపెట్టారు?’ అన్నది. దానికి వారు చెప్పే జవాబులో యంత్రం, పద్ధతి, భాష మూడూ ఉంటాయి. ‘లింకు లేదు’ అన్న మాట వెనుక ఉన్న చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది.